చేపు తెలిసిన చేతులు

పాడి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు చేపు అనే మాట విడమరిచి చెప్పక్కర్లేదు. దూడ వచ్చి పొదుగును నాలుగుసార్లు కుమ్మి చన్ను నోట పట్టుకోగానే ఆవు కదలకుండా నిలబడిపోతుంది. అంతదాకా వదులుగా వేలాడిన పొదుగు బిగుస్తుంది, పాలు దిగుతాయి. ఆవు చేపింది అంటారు. అదే ఆవు దగ్గరికి కొత్త మనిషి చెంబు పట్టుకుని వెళ్లినా, పక్కన ఎవరైనా గట్టిగా అరిచినా పాలు ఇవ్వకుండా బిగబట్టేస్తుంది. దానికీ ఓ మాట ఉంది, ఎగచేపడం అని. మా అమ్మమ్మ ఈ మాటలను పశువులకొకలా మనుషులకొకలా వాడేది కాదు. పురిటి మంచం పక్కన కూర్చుని, "పాలు చేపుకొస్తున్నాయా అమ్మడూ?" అని అడిగేది. గదిలో పదిమంది చేరి బిడ్డ రంగు గురించీ ముక్కు గురించీ మాట్లాడుతుంటే, "మీరంతా ఇక్కడుంటే దానికి పాలెలా చేపుతాయి, బయటికి నడవండి" అని పంపించేసేది.

అలా పంపించడం ఎంత సరైన పనో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. రొమ్ములో పాలు తయారవడం ఒక పని, అవి కిందికి దిగడం వేరే పని. తయారీ ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ది. దించడం ఆక్సిటోసిన్‌ది. ఒక్కో రొమ్ములో 15 నుంచి 20 దాకా ద్రాక్షగుత్తుల్లాంటి పాలగ్రంథుల సముదాయాలుంటాయి. ఆ గుత్తుల్లోని ఒక్కో పాలగుండును సన్నని కండర కణాలు వలలా చుట్టుకుని ఉంటాయి. బిడ్డ చనుమొనను చప్పరించగానే ఆ కబురు నరాల మీదుగా మెదడుకు చేరుతుంది, పీయూష గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది, ఆ వల బిగుసుకుంటుంది, పాలు నాళాల్లోకి చిమ్ముతాయి. అలవాటైన తల్లికి బిడ్డ ఏడుపు వినబడితే చాలు, రవిక తడుస్తుంది. భయం, నొప్పి, సిగ్గు ఎక్కువైతే శరీరం వదిలే ఆడ్రినలిన్ ఈ పనికి అడ్డుపడుతుంది. ఆక్సిటోసిన్‌ను విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో తయారుచేసింది 1953లో, దానికి నోబెల్ వచ్చింది 1955లో. మన పాలేళ్లూ, మంత్రసానులూ అంతకు ఎన్నో తరాల ముందే దాని పనికి పేరు పెట్టుకున్నారు. ఒక భాషలో ఇంత చిన్న క్రియాపదం ఇంత శరీరశాస్త్రాన్ని మోయడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

బాలింత సంరక్షణలో నేను విలువ ఇచ్చేది కారప్పొడులకూ సాంబ్రాణి పొగలకూ కాదు, ఆ చేతులకు. చూసి, తాకి, ఏ రోజు ఏం జరుగుతోందో చెప్పగలిగిన చేతులు. మావి పడిపోయాక ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా తగ్గుతుంది. గర్భంలో ఉన్నన్నాళ్లూ పాలకు అడ్డుకట్ట వేసింది అదే. ఆ కట్ట తెగాక రెండో రోజుకో మూడో రోజుకో, ఒక్కోసారి నాలుగో రోజుకో పాలు పడతాయి. కొందరికి రొమ్ములు రాయిలా గట్టిపడి, చనుమొన లోపలికి పోయినట్టై, బిడ్డ నోటికి అందదు. తల్లి ఏడుస్తుంది, బిడ్డ ఏడుస్తాడు. చాలా ఇళ్లలో పాలడబ్బా వచ్చేది ఆ రాత్రే.

అమ్మమ్మ ఆ రాత్రి చేసే పని నేను ఒకటి రెండుసార్లు పక్కనుండి చూశాను. ముందు చేతులు కడుక్కునేది. వేణ్నీళ్లలో ముంచి పిండిన మెత్తటి నూలుగుడ్డను రొమ్ము మీద కాసేపు వేసేది. తర్వాత వేళ్ల కొసలతో చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయాన్ని ఛాతీ వైపు మెల్లగా నొక్కి, నిమిషంపాటు అలాగే పట్టుకునేది. వాపు నీరు వెనక్కి జరిగి ఆ చోటు మెత్తబడుతుంది. అప్పుడు బొటనవేలు పైన, తక్కిన వేళ్లు కింద పెట్టి, వలయం అంచు దగ్గర ముందు లోపలికి నొక్కి, ఆపైన దగ్గరికి అదిమి వదిలేది. చనుమొనను మాత్రం లాగేది కాదు. నాలుగు చుక్కలు వచ్చాక బిడ్డను ఎత్తి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, గడ్డం రొమ్ముకు ఆనేలా పెట్టేది. ఒక్క మొన మాత్రమే నోట్లో ఉంటే పగుళ్లు వస్తాయి, వలయంలో చాలా భాగం లోపలికి పోవాలి. ఇప్పుడు ఆసుపత్రుల్లో తల్లిపాల సలహాదారులు నేర్పేది ఈ మెళకువలే.

అయితే అన్ని చేతులూ అంత మెత్తవి కావు. గడ్డ కరగాలని నూనె రాసి బలంగా పిసికేవాళ్లున్నారు. అది తప్పు. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో వెలువరించిన మార్గదర్శకాలు ఇలాంటి గట్టి మర్దనా వాపును పెంచుతుందని, లోపలి కణజాలాన్ని దెబ్బతీస్తుందని చెప్పాయి. పాలిచ్చాక చల్లటి గుడ్డ వేయడం, చర్మం మాత్రమే కదిలేంత తేలికగా చంక వైపు నిమరడం మంచిది. రొమ్ము ఎర్రబడి కాలుతూ, జ్వరం వస్తే ఇంటి వైద్యం అక్కడితో ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పాలివ్వడం మాత్రం ఆపక్కర్లేదు.

సంప్రదాయం మరోచోట ఇంకా పెద్ద తప్పు చేసింది. ఆవు ఈనితే జున్నుపాల కోసం ఊరంతా గిన్నెలు పట్టుకుని తిరిగే మనం, తల్లి ముర్రుపాలను మాత్రం పసుపుగా చిక్కగా ఉన్నాయని, మంచివి కావని పిండి పారబోయించాం. వాటికి బదులు బిడ్డ నాలిక మీద తేనె రాశాం. ఆ ముర్రుపాలలో బిడ్డ పేగులకు పూతలా కాపుకాసే ప్రతిరక్షకాలుంటాయి. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదకరం కూడా. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలని, ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు కూడా లెక్కగా ఇవ్వడం ఇంకో అన్యాయం.

పథ్యంలో మంచి ఏదంటే తిండి. తెలగపిండి వేసి వండిన మునగాకు కూర, వెల్లుల్లి, పచ్చి బొప్పాయి, తీరప్రాంతంలో పాలసొర పిట్టు. వీటివల్ల పాలు ఊరతాయనడానికి గట్టి రుజువు తక్కువ. కానీ రక్తం పోయిన ఒంటికి ప్రోటీను, కాల్షియం, ఇనుము అందడం చిన్న విషయం కాదు. పాలను పెంచేది మాత్రం బిడ్డ నోరే. రొమ్ము ఎంత ఖాళీ అయితే పాలు అంత ఊరతాయి. రొమ్ము పరిమాణానికీ దీనికీ సంబంధం లేదు. పరిమాణం ఎక్కువగా కొవ్వుది, పాలు గ్రంథులవి.

ఇక పాలు ఆపాల్సి వచ్చినప్పటి సంగతి. బిడ్డ దక్కని తల్లికీ మూడో రోజున పాలు పడతాయి. ఒంటికి ఆ కబురు ఎవరూ చెప్పరు కదా. పూర్వం కొన్ని ఇళ్లలో రొమ్ములను గుడ్డతో బిగించి కట్టేవారు. దానివల్ల నొప్పి పెరిగి చీము గడ్డలు వచ్చేవి. దక్షిణాదిన దీనికి మరింత దయ ఉన్న పద్ధతి ఒకటి ఉంది. మల్లెదండలు రొమ్ముల మీద పరిచి ఉంచి, వాడగానే మార్చడం. 1988లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ మల్లెలను, పాలు ఆపడానికి అప్పట్లో ఇచ్చే బ్రోమోక్రిప్టిన్ అనే మందును పోల్చి చూసింది. రక్తంలో ప్రొలాక్టిన్‌ను మందే ఎక్కువగా తగ్గించింది. కానీ రొమ్ముల బిగువు, పాల పరిమాణం, నొప్పి మాత్రల అవసరం, వీటిలో రెండూ సమానంగా నిలిచాయి. మందు వాడినవారిలో కొందరికి పాలు మళ్లీ వచ్చాయి. ఆ తల్లి పక్కన కూర్చుని గంటగంటకూ పూలు మార్చే మనిషి ఒకరుండటం కూడా ఆ వైద్యంలో భాగమేనని నేను నమ్ముతాను.

తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం, మూడు నెలలో అయిదు నెలలో అక్కడే ఉంచడం వెనక పైకి చెప్పని ఒక మేలు ఉంది. భార్యాభర్తల మధ్య కొంత ఎడం. పుండు మానడానికి, గర్భసంచి మామూలు స్థితికి రావడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా, పాలిస్తున్నన్నాళ్లూ ప్రొలాక్టిన్ ఎక్కువగా, ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటాయి. యోని పొడిబారుతుంది, కలయిక నొప్పిగా ఉంటుంది, కోరిక తగ్గుతుంది. ఎంతోమంది ఆడవాళ్లు దీన్ని తమ లోపమనుకుంటారు, భర్తలు అయిష్టమనుకుంటారు. ఇది తాత్కాలికం. నీటితో తయారైన జెల్ వాడుకోవచ్చు, డాక్టరును అడగవచ్చు. రొమ్ములు కొందరికి తాకనివ్వనంత సున్నితంగా, కొందరికి మొద్దుబారినట్టుగా ఉంటాయి. భావప్రాప్తి సమయంలో పాలు చిమ్మితే కంగారు పడనక్కర్లేదు. పాలను చేపించే ఆక్సిటోసిన్ అప్పుడూ వెలువడుతుంది. తృప్తికీ, దగ్గరితనానికీ, పాలు చేపడానికీ ఒకే హార్మోన్ పనిచేస్తుందని తెలిస్తే సిగ్గుపడాల్సింది ఏమీ కనబడదు.

"పాలిస్తుంటే కడుపు రాదు" అన్న మాట సగం నిజం. 1988లో ఇటలీలోని బెల్లాజియోలో కూడిన నిపుణులు దానికి మూడు షరతులు పెట్టారు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రింబవళ్లు తల్లిపాలే పడుతుండాలి, నెలసరి తిరిగి రాకూడదు. మూడూ కుదిరితే గర్భం రాకుండా 98 శాతం రక్షణ. ఒక్కటి తప్పినా వేరే పద్ధతి చూసుకోవాలి.

పాలు మాన్పించేటప్పుడు చనుమొనకు వేపాకు ముద్ద రాయడం అందరికీ తెలిసిందే. ఒక్కరోజులో కాకుండా ఒక్కో పూట తగ్గించుకుంటూ వస్తే గడ్డలు కట్టవు. ఆ తర్వాత రొమ్ము వదులవుతుంది, చాలామంది అద్దంలో చూసుకుని బెంగపడతారు. అది పని ముగించుకున్న గ్రంథి వెనక్కి తగ్గడం. ఆ పని ఊరికే పోలేదు. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది.

నా బాధంతా ఒక్కటే. పురిటి మంచం దగ్గర ఇంత తెలిసిన ఆ చేతులు, ఆ మాటలు, అంతకుముందూ ఆ తర్వాతా ఎందుకు లేకుండా పోయాయి? పిల్ల పెద్దమనిషైతే చాప వేసి కూర్చోబెడతాం, చిమ్మిలి తినిపిస్తాం, బంధువులను పిలుస్తాం. కానీ రొమ్ము మొగ్గ తొడిగేది దానికి రెండేళ్ల ముందే, ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య. ఒకవైపు ముందు గట్టిగా ఉసిరికాయలా తగులుతుంది, నొప్పెడుతుంది. రెండోవైపు కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. ఆ పిల్ల అది జబ్బేమోనని భయపడుతుంది, భుజాలు ముందుకు వంచుకుని నడవడం మొదలుపెడుతుంది. ఆ రెండేళ్లూ ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. తర్వాత ప్రతి నెలా బహిష్టుకు ముందు ప్రొజెస్టిరాన్ వల్ల రొమ్ములు బరువెక్కి సలుపుతాయి, బహిష్టు రాగానే తగ్గుతాయి. ఈ ఒక్క సంగతి ముందే చెప్పి ఉంటే ఎన్ని నిద్రలేని రాత్రులు తప్పేవో!

ముట్లుడిగాకా అదే మౌనం. మన దేశంలో ఆ వయసు సగటున 46, 47. ఈస్ట్రోజెన్ తగ్గగానే పాలగ్రంథులు కుంచించుకుపోయి ఆ చోట కొవ్వు చేరుతుంది. నెలనెలా వచ్చిపోయే గడ్డలు ఇక రాకూడదు. కాబట్టి ఆ వయసులో కొత్తగా ఏది తగిలినా చూపించుకోవాల్సిందే. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం మనవాళ్ల అలవాటు, తొలిదశ క్యాన్సర్ గడ్డ చాలావరకు నొప్పి పెట్టదు. చర్మం గుంటపడినా, బత్తాయి తొక్కలా మారినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం చుక్క కనిపించినా ఆలస్యం చేయకూడదు.

చేతికి ఇంకా విలువ ఉందని ముంబయి మురికివాడలు రుజువు చేశాయి. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి 35–64 ఏళ్ల మధ్యనున్న లక్షన్నర మంది ఆడవాళ్లతో ఒక అధ్యయనం నడిపింది. సగంమందికి రెండేళ్లకొకసారి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు యంత్రమేమీ లేకుండా చేత్తోనే రొమ్ములు పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఆ కార్యకర్తలు డాక్టర్లు కారు, నేర్చుకున్న ఆడవాళ్లు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పిన్నిని తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. 30 దాటినవాళ్లకు ఈ పరీక్ష అక్కడ ఉచితమే. పిన్నికి అరవై ఒకటి, నలుగురు బిడ్డలకు పాలిచ్చిన మనిషి, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎవరికీ చూపించుకోలేదు. నర్సమ్మ తెర లాగి, మూడు వేళ్లు ఆన్చి, చంక దాకా గుండ్రంగా నొక్కుతూ చూసింది. ఏమీ లేదంది. ఎలా చూసుకోవాలో పిన్ని మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకుంది. సాయంత్రం ఇంటికొచ్చాక పదకొండేళ్ల మనవరాలిని జడ వేసే నెపంతో పెరట్లోకి పిలిచింది. "నొప్పిగా ఉందా తల్లీ? ఒకవైపేనా?" అని అడగడం నాకు కిటికీలోంచి వినబడింది. జడ అయిపోయాక కూడా ఇద్దరూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు.