చెవులతో చేసే కొలువు

గోడలకు చెవులుంటాయంటారు. ఆ చెవులు వేగువాడివే. 2004లో ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టరైన అజిత్ డోభాల్ కొలువులో ఎక్కువ భాగం అలా వినడంలోనే గడిచింది. 1968లో కేరళ కేడర్ ఐపీఎస్‌గా చేరి, తర్వాత మిజోరం కొండల్లో తిరుగుబాటుదారుల మధ్య మసలారు. 1988లో ఆపరేషన్ బ్లాక్ థండర్ వేళ రిక్షావాలా వేషంలో స్వర్ణ దేవాలయంలోకి వెళ్లారని చెప్పుకుంటారు. కీర్తిచక్ర అందుకున్న తొలి పోలీసు అధికారి ఆయనే.

అంత పేరు ఈ వృత్తిలో అరుదు. టీకొట్టు బల్ల దగ్గర చెవిన పడ్డ సగం మాట, ఎవరో చింపి పారేసిన రసీదు ముక్క: ఈ రెంటినీ ముడివేసే ఓపికే ఇక్కడ పనితనం. పేలిన బాంబు పత్రికలకెక్కుతుంది. పేలకుండా ఆపింది ఫైల్లోనే మిగిలిపోతుంది. మనం మాత్రం గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటాం.