సంక్రాంతి వ్యాసంలో మన పిల్ల ఎక్కడ?

జనవరి రాగానే మన బడుల్లో ఒక నమూనా వ్యాసం చేతులు మారుతుంది. 'తెలుగువారి పండుగలలో సంక్రాంతి అతి ముఖ్యమైనది' అని మొదలవుతుంది. భోగి, సంక్రాంతి, కనుమ వరుసగా వస్తాయి. హరిదాసులు, గంగిరెద్దులు, కొత్త ధాన్యం, అన్నీ ఉంటాయి. 'ఆనందోత్సాహాలతో జరుపుకుంటారు' అని ముగుస్తుంది. అక్షర దోషం ఒక్కటీ ఉండదు. పిల్లలు దాన్ని బట్టీ పట్టి, ఇరవై మంది ఇరవై కాగితాల మీద అదే రాసి ఇస్తారు. మనం మార్కులు వేస్తాం.

ఇందులో తప్పేముంది అంటారా? 'జరుపుకుంటారు' అన్న మాట చూడండి. ఎవరు జరుపుకుంటారు? రాసిన పిల్ల అందులో లేదు. ఇక్కడ అమెరికాలో బయట మంచు గడ్డకట్టి ఉంటే గరాజ్‌లో సుద్దముక్కతో ముగ్గేసిన పిల్ల, 'వేకువనే కళ్ళాపి చల్లి' అని రాస్తోంది. కళ్ళాపి అంటే ఏంటమ్మా అని అడిగితే మన మొహం చూస్తుంది.

అదే పిల్ల చేత ఏ నమూనా చూపించకుండా చిత్తు రాయిస్తే సుమారుగా ఇలా వస్తుంది: 'మనం గరాజ్‌లో ముగ్గు వేశాం మరియు అమ్మమ్మకి ఫోన్‌లో చూపించాం. నాకు రెండు తమ్ముళ్ళు ఉన్నారు. వాళ్ళు ముగ్గు తొక్కారు. అమ్మమ్మ నవ్వింది.'

తప్పులున్నాయి, నిజమే. కానీ ఇందులో ఒక పండుగ జరిగింది. నా లెక్కలో ఈ నాలుగు ముక్కలు ఆ పేజీడు వ్యాసం కన్నా మంచి తెలుగు. మనం ఎర్ర పెన్ను తీసేది మాత్రం దీని మీదే.

మొదటి చిత్తు మీద ప్రశ్నలే రాయండి. ఏ తమ్ముడు ముందు తొక్కాడు? నువ్వేం చేశావు? అమ్మమ్మ ఏమంది? నాలుగు వాక్యాలు పది అవుతాయి. తప్పుల సంగతి రెండో చిత్తులో, అదీ ఒకటో రెండో. ముందుగా 'మనం'. చదివేవాళ్ళు ఆ గరాజ్‌లో లేరు కాబట్టి 'మేము' అనాలి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట, అందుకే ఇక్కడి పిల్లలకి ఈ తేడా ఎవరో ఒకరు చెప్పాలి. తర్వాత 'మరియు'. 'ముగ్గు వేసి అమ్మమ్మకి చూపించాం' అంటే చాలు, ఆ మాటతో పనే లేదు. (మన నమూనా వ్యాసాల నిండా అదే ఉంటుంది, పిల్లలని ఏమనగలం!) 'ఇద్దరు తమ్ముళ్ళు' ఇంకో వారం చెప్పొచ్చు.

మరి నమూనాలు అక్కర్లేదా? కావాలి. ఊళ్ళో పిల్లలకైతే పేపరు, సినిమా పోస్టరు, కొట్ల బోర్డులు, ఎటు చూసినా తెలుగే. మన పిల్లలు తెలుగు వింటారు గానీ, పేరా ఎలా ఉంటుందో చూసింది తక్కువ. కాకపోతే నమూనా చిత్తు తర్వాత రావాలి, వేరే అంశం మీద ఉండాలి. వాళ్ళు సంక్రాంతి రాస్తుంటే మీరు మీ చిన్నప్పటి వానాకాలం గురించి బోర్డు మీద రాయండి. వాళ్ళ ముందే ఒక వాక్యం కొట్టేయండి, రెండిటిని కలపండి. కాపీ కొట్టడానికి అందులో ఏమీ దొరకదు, వాక్యం ఎలా మారుతుందో మాత్రం కనిపిస్తుంది.

తల్లిదండ్రులకి ఒక మాట. హోంవర్కు మీరు తిరగరాసి పంపితే మాకు మీ తెలుగు తెలుస్తుంది, పిల్లది కాదు. ఇంట్లో 'చేసినం' అనే పిల్ల చిత్తులో 'చేసినం' అని రాస్తే కొట్టేయకండి. అది తప్పు కాదు, మీ ఇంటి మాట. 'చేశాం' కూడా నేర్పుదాం. వాడుక భాషకి బడిలో చోటు కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజునే, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజు పోటీలో 'రంగవల్లులు తీర్చిదిద్దెదరు' అన్న వ్యాసానికి మొదటి బహుమతి ఇస్తే ఏం బావుంటుంది?

వారానికి ఒక్క క్లాసు, మూడు వారాలు ఒకే అంశమా అని అడుగుతారు. అవును. ఏడాదికి పన్నెండు వ్యాసాల బదులు నాలుగే అవుతాయి, కానివ్వండి. మొదటి చిత్తునీ చివరి ప్రతినీ కలిపి పిన్ను కొట్టి దాచండి. వార్షికోత్సవం నాడు గోడ మీద రెండూ పక్కపక్కనే పెట్టండి, కొట్టివేతలతో సహా.