పట్టపగలే రాత్రి చేసేవాడు

పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన వీడియో డోర్‌బెల్‌ను హైదరాబాద్ ఇంటి గుమ్మానికి బిగించమంటే, మంచి ఎలక్ట్రీషియన్ కొత్త పెట్టె జోలికి పోడు. ముందు పాత బెల్ స్విచ్ విప్పి చూస్తాడు. మన ఇళ్లలో చాలావరకు అక్కడికి వచ్చేది నేరుగా 230 వోల్టులు. ఈ రకం పరికరానికి సాధారణంగా కావలసింది 16 నుంచి 24 వోల్టుల ఏసీ, అదీ రోజంతా. తీగలు కలిపేస్తే బెల్లు మోగదు, పొగ వస్తుంది. అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ కూడా తెచ్చామని మురిసిపోతే, దాని మీది అచ్చు చదివి, 120 వోల్టుల ఇన్‌పుట్ అని చూపించి పక్కన పెట్టేసి, మన కరెంటుకు సరిపడేది బిగిస్తాడు.

నాకు అసలు ముచ్చటేసేది తర్వాతి పని. కొన్ని డోర్‌బెళ్లు పగలు బాగానే ఉండి, చీకటి పడగానే ఆగిపోతాయి. రాత్రి చూపు కోసం ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ చాలకపోయినా, తీగ సన్నగా పొడుగ్గా ఉన్నా వోల్టేజీ పడిపోతుంది. పని రానివాడు ఊడదీసిన తీగలకు మీటరు పెట్టి, “పదహారు వస్తోంది సార్, మీ పీసే పోయింది” అంటాడు. తెలిసినవాడు డోర్‌బెల్ నడుస్తుండగానే దాని స్క్రూల దగ్గర కొలుస్తాడు. కెమెరా మీద నల్లగుడ్డ కప్పి పట్టపగలే రాత్రి చేస్తాడు! అంకె పడిపోతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా చూస్తాడు. అక్కడ నిలబడి ఇక్కడే పడితే లోపం తీగది, లేదా వదులైన జాయింటుది. రెండు చోట్లా పడితే ట్రాన్స్‌ఫార్మర్‌ది. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ తిట్టింది వైఫైని.