నలభై డిగ్రీల లెక్క

ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని ట్రాలీలు, గుంటకలు, గేట్లు బాగుచేసే నంద్యాల జిల్లా దొర్నిపాడు మనిషి ప్లాస్మా కట్టర్ కొనబోతే ముందు అడిగేది ‘ఎన్ని ఆంప్స్?’ అనే. నన్నడిగితే, ముందు చూడాల్సింది మిషను మీద చిన్నక్షరాల్లో ఉండే డ్యూటీ సైకిల్. 60 శాతం అని ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కోసి, నాలుగు నిమిషాలు ఆపాలి. కంపెనీలు ఆ లెక్క సాధారణంగా 40 డిగ్రీల వేడి దగ్గర కడతాయి. మే నెలలో నంద్యాల వైపు ఎండ 44, 45 కూడా చూస్తాం. రేకుల కింద అంతకన్నా ఎక్కువే. అక్కడ రాసిన 60 ఇక్కడ 60 కాదు. వేసవిలో కోత పని పొద్దున్నే పెట్టుకోవాలి, లేదా మిషనే ఒక మెట్టు పెద్దది తీసుకోవాలి.

అలాగని 100 ఆంప్స్‌కు ఎగబడక్కర్లేదు. గేటు రేకు రెండు ఎంఎం దాటదు, ట్రాలీ ప్లేటు మూడు నుంచి ఐదు. 40 ఆంప్స్ మంచి మిషను ఎనిమిది, పది ఎంఎం దాకా శుభ్రంగా కోస్తుంది. డబ్బా మీద అంతకు మించి రాసి ఉంటే, అది ఎలాగోలా తెంపగల మందం. అంచు ఎలా వస్తుందో అందులో చెప్పరు.

ఇక కరెంటు. 40 ఆంప్స్ మిషను పూర్తి లోడు మీద ఐదు కిలోవాట్ల దాకా లాగుతుంది. రెండు హెచ్‌పీ కంప్రెసర్ ఇంకో ఒకటిన్నర. రెండూ కలిస్తే మామూలు ఇంటి మీటరుకు మోయలేని బరువే. ఓల్టేజీ పడిపోయే సాయంత్రాల్లో మిషను మధ్యలోనే ఆగిపోతుంది. బోరు మోటరు లైను మీద కన్నేయొద్దు, అది సేద్యానికి ఇచ్చింది. కరెంటాఫీసులో లోడు పెంచమని, వర్క్‌షాపుకు తగిన కేటగిరీ ఇమ్మని అడగాలి.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. టార్చిలో రాగి ఎలక్ట్రోడు కొసన ఆవగింజంత హాఫ్నియం చుక్క ఉంటుంది. ఆర్క్ నిలబడేది దాని మీదే. కంప్రెసర్ గాలిలో తేమ ఉంటే ఆ చుక్క తొందరగా కరిగి గుంటపడుతుంది, నాజిల్ రంధ్రం వంకరవుతుంది. గుంట ఒకటిన్నర ఎంఎం లోతుకు చేరితే మార్చేయాలి. మంట ఆకుపచ్చగా మారిందంటే అది రాగిని తింటున్నట్టే. రోజూ ట్యాంకు నీళ్లు వదలాలి, గాలి దారిలో ఫిల్టరు పెట్టాలి. నాజిళ్లు, ఎలక్ట్రోడ్లు నంద్యాలలోనో కర్నూలులోనో దొరకని మిషనైతే ఎంత చవకైనా వద్దు.

తుప్పు పట్టిన ట్రాలీ ప్లేటు, రంగు పూసిన గేటు కోయాలంటే పైలట్ ఆర్క్ ఉండాలి. అది ఉంటే నాజిల్ లోహాన్ని తాకకుండానే మంట లేస్తుంది. మీ పనంతా మందపాటి మామూలు ఇనుమే అయితే గ్యాస్ కటింగే చాలు, దానికి కరెంటూ అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం దగ్గర మాత్రం గ్యాస్ చేతులెత్తేస్తుంది, అక్కడ ప్లాస్మాదే పని.

ఊళ్లో షెడ్లకు ఆనుకునే గడ్డివాములుంటాయి. నిప్పురవ్వలు చాలా దూరం ఎగురుతాయి. నల్లద్దాలు, నీళ్ల బకెట్టు ముందు కొనండి. మీటరు లోడు పెరిగాక, నాజిళ్ల దుకాణం తెలిశాక, 40 ఆంప్స్ పైలట్ ఆర్క్ మిషను తెచ్చుకోండి. ఈ వరస తప్పితే డబ్బు పెట్టి తెచ్చిన మిషను షెడ్డులో ఓ మూల పడి ఉంటుంది, పని మళ్లీ గ్రైండరుతోనే.