గజేంద్రమోక్షణంలో పోరాటం, శరణాగతి: ఒక పరిశీలన

పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షణ ఘట్టాన్ని శరణాగతికి ఉదాహరణగా చెప్పడం మన పాఠ్యబోధనలో స్థిరపడిన పద్ధతి. అందులో దోషం లేదు. అయితే తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. మొరపెట్టుకుంటే రక్షించేవాడు ఉన్నప్పుడు ఏనుగు అన్నేళ్లు ఎందుకు పోరాడింది? మొదటే పిలవవచ్చు కదా? అహంకారం అడ్డువచ్చిందన్నది మనకు సిద్ధంగా ఉన్న సమాధానం. పద్యాల నడకకు అది ఎంతవరకు సరిపోతుందన్నదే ఇక్కడ పరిశీలించదలచిన విషయం.

గజరాజు మదించి మడుగులోకి దిగిన మాట నిజమే. కానీ మొసలి కాలు పట్టిన తరువాత పోతన దృష్టి మదం మీద కాక బలాబలాల మీద నిలుస్తుంది. ఏనుగు దరికి లాగుతుంది, మొసలి మడుగులోకి లాగుతుంది. కరి, మకరి అన్న మాటల ధ్వనిసామ్యం ఆధారంగా, ఎవరు ఎవరిని లాగుతున్నారో చెవికి తెలియనంతగా పద్యం ముందువెనుకలకు ఊగుతుంది. ఆ ఊగులో పరిహాసం గాని మందలింపు గాని కనిపించదు. క్రమంగా నీటిలోని మొసలికి బలం పెరుగుతుంది, స్థానం తప్పిన ఏనుగుకు తగ్గుతుంది. ఇంద్రద్యుమ్నుని శాపకథ వచ్చేది విముక్తి తరువాతే. పోరాటం చదువుతున్నంతసేపూ మన ముందున్న కారణం స్థానబలం ఒక్కటే.

ఇక్కడ స్టోయిక్ తత్త్వవేత్త ఎపిక్టీటస్‌తో పోలిక ఉపకరిస్తుంది. బానిసగా పుట్టిన ఆయన బోధలను శిష్యుడు అరియన్ కూర్చిన చిన్న గ్రంథం, మన అధీనంలో ఉన్నవి, లేనివి అన్న విభజనతోనే మొదలవుతుంది. అభిప్రాయం, కోరిక, విముఖత మనవి. శరీరం, ఆస్తి, కీర్తి, పదవి మనవి కావు. నేటి వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలకు ఇది ముడిసరుకు. స్టోయిక్కు ప్రయత్నం మానమనడు. ఫలితం తనది కాదని ముందే ఎరిగి ప్రయత్నించమంటాడు. పోతన ఏనుగుకు ఆ ఎరుక ముందుగా లేదు. తన బలం ఎక్కడ ముగుస్తుందో ఏళ్ల తరబడి లాగి చూసిన తరువాతే దానికి తెలిసింది. విభజన రేఖ పోరాటానికి ముందు గీసి లేదు, పోరాటమే దాన్ని గీసింది. అందువల్ల ఆ ఏళ్లను అహంకారం ఖాతాలో వేయడం కవికి అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

మూలంతో పోల్చినప్పుడు మరో భేదం కనిపిస్తుంది. వ్యాస భాగవతంలో తోడి ఏనుగులు కూడా లాగి విఫలమవుతాయి. ఆపైన గజేంద్రుడు పూర్వజన్మలో నేర్చిన స్తోత్రాన్ని జపిస్తాడు. ఈ ఏనుగు బతుకు మీద తనకు ఆశ లేదనీ, అజ్ఞానపు ఆవరణ తొలగడమే కావాలనీ అంటాడు. అది విరాగి మాట. తెలుగులో అన్నిటికంటే ముందుగా చెవినపడేది కాపాడమన్న మొర. బలం, ధైర్యం, ప్రాణం, శరీరం ఎలా జారిపోతున్నాయో ఒక్కొక్కటిగా చెప్పుకొని మరీ పెట్టిన మొర అది. ఈ గజేంద్రుడు బతకాలన్న కోరికను వదలలేదు. ఆ కోరికను తానే తీర్చుకోగలనన్న పట్టును వదిలాడు. అంగీకారమంటే నిరాశ అని బోధించే వ్యాఖ్యానాలు ఈ తేడాను గమనించాలి.

ఇంకా విశేషమైనది సందేహం. దీనుల పట్ల ఉంటాడని చెప్పుకొనే దైవం అసలు ఉన్నాడా అని ఏనుగు శంకిస్తుంది. ఆ శంకకు సమాధానం దొరికిన తరువాత శరణు వేడి ఉంటే ఘట్టం ఇంత బిగువుగా ఉండేది కాదు. సమాధానం దొరకకుండానే వేడింది.

మొర విన్న బ్రహ్మాదులు ఊరకుంటారు. వైకుంఠంలో విష్ణువు మాత్రం శ్రీదేవికైనా చెప్పక, శంఖచక్రాలైనా చేపట్టక బయలుదేరుతాడు. మూలంలో లేని ఈ అంతఃపుర దృశ్యాన్ని పోతన కల్పించి విస్తరించాడు. ఆ తొందర అంతా పాఠకుడికే తెలుస్తుంది. మడుగులోని ఏనుగుకు అదేమీ కనబడదు. దాని కాలు ఇంకా మొసలి నోటిలోనే ఉంది.