కదలని నేల అని చెప్పిన పుస్తకము

గార్ల స్టేషనులో ప్యాసింజరెక్కి, డోర్నకల్లు, ఖమ్మము దాటి బెజవాడలో దిగి, లెనిన్ సెంటరులోని పాత పుస్తకముల దుకాణముల ముందు గొంతుకూర్చుండి, దుమ్ము దులుపుచు పుటలు తిరగవేయుట నాకు చిరకాలముగా నున్న అలవాటు. అట్లు దొరికినవానిలో అట్ట ఊడిన భూగోళ పాఠ్యపుస్తక మొకటి కలదు. దక్షిణ పీఠభూమి అతిప్రాచీన శిలామయ మగుటచే భూకంపభయము లేని సుస్థిర ప్రదేశమని అందు నిస్సంశయముగా వ్రాయబడి యున్నది. కొన్ననాడు ఆ మాటను నేను గమనింపనైనను లేదు.

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఆ పుస్తకము జ్ఞప్తికి వచ్చినది. మఱునాడు దానిని బడికి గొనిపోయి, ఆ వాక్యమును పిల్లలచేతనే చదివించితిని. వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "సారూ, ఇది తప్పు రాసిండ్రు గదా! నిన్న మా ఇంట్ల గిన్నెలు కిందవడ్డయి" అన్నది. ప్రకృతి వైపరీత్యముల పాఠమును ఇన్నేండ్లుగా చెప్పుచున్నను, అది నిజముగా మొదలైనది ఆ మాటతోనే యని నా నమ్మకము. వైపరీత్యముల పేర్లను వల్లె వేయించి మార్కులు వేయుట పాఠము కానేరదు.

ఆ పుస్తక మబద్ధమాడలేదు. దానిని వ్రాసిననాటికి పండితుల యెఱుక అంతవఱకే యుండెను. 1967లో కోయ్నా, 1969 ఏప్రిల్ 13న భద్రాచలము, 1993లో లాతూరు కంపించిన పిమ్మట గాని ఆ ధీమా సడలలేదు. మా పిల్లలకు బొగ్గు క్రొత్త గాదు, ఇల్లెందు వారికి పొరుగూరు. కోట్ల యేండ్ల క్రిందట గోదావరి వెంబడి నేల చీలి క్రుంగగా, ఆ పల్లములో మరుగుపడిన వనములే నేటి సింగరేణి బొగ్గయినవనియు, ఆ చీలిక అంచులలోని పాత పగుళ్లలో పేరుకొనిన ఒత్తిడి విడివడినప్పుడు నేల కదలుననియు చెప్పగా, వారు పటముపై ఇల్లెందు నుండి ములుగు వఱకు వ్రేలితో గీత గీచి చూచుకొనిరి. బల్లక్రింద దూరి, దాని కాలు గట్టిగా పట్టుకొని, తోసుకొనుచు తలుపువైపు పరుగెత్తకుండుట ఎందులకో అటుపిమ్మట నేను రెండుమార్లు చెప్పవలసిన పని లేకపోయెను.

వరద సంగతికి పుస్తకము వెదుకవలసిన యక్కఱయే లేదు. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రముల నడుమ పట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయి రైళ్లు నిలిచిపోయిన దినము వారందఱకు తెలియును. కాకతీయ గణపతిదేవుని కాలమునాటి పాకాల చెరువునుండి మా గార్ల ప్రక్కగా వచ్చు ఏరే మున్నేరను పేర ఖమ్మము చేరునని వారికి చూపి, చప్టా మీద మోకాలిలోతు నీరు పారుచున్నను కాలు పెట్టరాదని మాత్రము ప్రతి వానకాలమునకు ముందు ఒట్టు వేయించుకొందును.

1969నాటి కంపమును కన్నులార చూచిన పెద్దలు గార్ల, బయ్యారము, డోర్నకల్లు ప్రాంతములలో ఇంకను ఉందురు. వారికి నాదొక విన్నపము: ఒక పూట బడికి వచ్చి, ఆనాడు మీ యింట ఏమేమి కదలినదో పిల్లలకు చెప్పుడు. ఆ పాత పుస్తకము చివర రెండు ఖాళీ పుటలున్నవి. తేదీ వేసి పిల్లలు వ్రాసికొందురు.