తారే జమీన్ పర్: గురువు చూపు, నిపుణుని పరీక్ష

2007లో ఆమిర్ ఖాన్ దర్శకత్వమున వెలువడిన ఈ హిందీ చిత్రము, తెలివి యుండియు చదువలేని బాలుని కథ. మూడవ తరగతి చదువు ఇషాన్ అక్షరములను తారుమారుగ వ్రాయును. తండ్రి దానిని సోమరితన మనుకొనును. చిత్రలేఖనోపాధ్యాయుడు నికుంభ్ పాత నోటుపుస్తకములు తిరగవేసి, ఆ తప్పులలో ఒక వరుస గలదని గ్రహించును. చిత్రమున కీ ఘట్టమే ప్రాణము.

కాని తప్పుల వరుస అనుమానమునకే ఆధారము, నిర్ణయము కాదు. చూపును, వినికిడిని పరీక్షించి, బుద్ధిశక్తిని, చదువు వ్రాతలను వేర్వేరుగ కొలిచిన పిదపనే ‘డిస్లెక్సియా’ అని చెప్పదగును. ఈ మెట్టునకు చిత్రము తగిన చోటీయలేదు. ఐన్‌స్టయినునకును ఈ ఇబ్బంది యుండెనను మాటకు గట్టి ఆధారము లేదు.

నికుంభ్ బాల్యమున తానును ఈ బాధ పడినవాడు, కనుకనే గుర్తించెను. అట్టి గురువు దొరకని బాలుని గతి యేమి? 1995 నాటి వికలాంగుల చట్టమున ఈ ఇబ్బందికి చోటు లేదు. 2016 చట్టము చోటిచ్చినది. అయినను ధ్రువపత్రమునకు నిపుణుల పరీక్ష కావలెను. అది బాలుడు చదువుకొను భాషలో జరుగవలెను. తెలుగు బడి పిల్లవానిని ఇంగ్లీషు పాఠముతో కొలిచినచో, ఇబ్బంది చదువుటలోనిదో, ఆ భాష రాకపోవుటవలన కలిగినదో తేలదు.

ఉపాధ్యాయు లీ చిత్రమును తప్పక చూడదగును. చూచి కన్నీరు తుడుచుకొని ఊరకుండక, అనుమానము కలిగిన బాలుని పరీక్షకు పంపవలెను.